కుక్క చిప్పలో గుమ్మడి ముక్క



మామూలుగా నేను మీతో మాట్లాడేది విత్తనాలను గురించీ, ఎరువులను గురించీ, టమాట తోటకు వచ్చే తెగుళ్లను గురించీ. ఈ పూట కుక్కను గురించి చెబుతానంటే కొందరికి నవ్వు రావచ్చు. "ఏమయ్యా, పైర్ల సంగతి అయిపోయిందా, కుక్కల మీద పడినావే!" అని మీరు అడగవచ్చు. అడగండి, తప్పు లేదు. కాని ఒక్క మాట ఆలోచించండి. మదనపల్లె చుట్టుపక్కల టమాట తోటకు, పుంగనూరు పక్క చెనిక్కాయ చేనుకు, కుప్పం అడవి అంచున ఉన్న రాగి చేనుకు రాత్రిపూట కాపలా ఎవరు? అడవిపంది చేలో దిగితే ముందుగా పసిగట్టేది ఎవరు? కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగివస్తున్నాయంటే మంచె మీది మనిషిని నిద్ర లేపేది ఎవరు? జీతం అడగని ఆ జీతగాడి తిండిని గురించి ఒక పూట మాట్లాడుకుంటే మన సొమ్మేమీ పోదు.

ఈ సంగతి నాకు ఒక ఇంటివారి వల్ల తట్టింది. కొన్నేళ్ల కిందట పుంగనూరుకు దగ్గర ఒక పల్లెలో ఎరువుదిబ్బ పక్కన దానంతట అదే ఒక సొరతీగ మొలిచింది. ఎవరూ విత్తింది కాదు. తీగ బాగా పాకింది, కాయలు నున్నగా దిగినాయి. ఇంటావిడ ఒక కాయ కోసి కూర చేసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అందరూ ఉమ్మేసినారు. అంత చేదు. కష్టపడి వండిన కూర పారబోయడానికి ఆమెకు చేయి రాలేదు. మిగిలిన సంగటిలో ఆ కూర కలిపి, పైన రాత్రి మిగిలిన వేట మాంసం పులుసు ఇంత పోసి, కుక్క చిప్పలో పెట్టింది. పులుసు వాసనకు కుక్క గబగబా మింగేసింది. పొద్దు గూకేసరికి వాంతులు, ఆ తరువాత రక్తంతో విరేచనాలు. మోటారు సైకిలు మీద గోనెసంచిలో చుట్టుకొని పశువుల ఆస్పత్రికి తీసుకొనిపోయినారు. సెలైన్ ఎక్కించగా మూడోనాటికి లేచి నిలబడింది. ఆమె నాతో ఒకే మాట అన్నది: "మేము ఉమ్మేసిందాన్ని దానికి పెట్టినాము సార్. తప్పు మాదే."

తప్పు ఆమె ఒక్కదానిదే కాదు, మనందరిదీ. మనకు పనికిరానిది కుక్కకు పనికి వస్తుందని మనం అనుకుంటాము. ఆ అనుకోవడం ఎంతవరకు సరి? దీనికి జవాబు చెప్పాలంటే కుక్క చరిత్ర కొంచెం, గుమ్మడి చరిత్ర కొంచెం తిరగవేయాలి.

ముందు కుక్క సంగతి. కుక్క తోడేలు జాతిలోంచి వచ్చిందని మీకు తెలుసు. మనిషి ఆవును, గొర్రెను, కోడిని మచ్చిక చేసుకోకముందే, ఇంకా నాగలి పట్టకముందే, కుక్క అతని వెంట నడిచింది. ఇది జరిగి కనీసం 15,000 ఏళ్లు అయివుంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. 1914లో జర్మనీ దేశంలో ఓబర్‌కాసెల్ అనే చోట రాళ్లు తవ్వుతుంటే, మనుషుల ఎముకలతోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా బయటపడినాయి. అది సుమారు 14,000 ఏళ్ల నాటిది. దాని పళ్లు పరీక్షించినవారు 2018లో ఒక సంగతి బయటపెట్టినారు. ఆ పిల్ల చావకముందు కొన్ని వారాలపాటు పెద్ద జబ్బు చేసి లేవలేక ఉండి ఉంటుందట. అన్నాళ్లు బతికిందంటే ఎవరో దగ్గర కూర్చుని నీళ్లు పట్టి, తిండి పెట్టి ఉండాలి. వేటకు పనికిరాని జబ్బు పిల్లకు తిండి పెట్టిన ఆ మనిషి ఎవరో మనకు తెలియదు. కాని మన ఇంటి ముందు చిప్ప పెట్టే ఆచారం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనిషి వ్యవసాయం మొదలుపెట్టిన తరువాత కుక్క కడుపు కూడా మారింది. తోడేలుకు మాంసమే ప్రధానం. గింజల్లోని పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి దానికి తక్కువ. 2013లో స్వీడన్ దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయం వారు కుక్కల జన్యువులను, తోడేళ్ల జన్యువులను పక్కపక్కన పెట్టి చూసినారు. పిండిపదార్థాన్ని అరిగించే రసాన్ని తయారుచేసే జన్యువు తోడేలులో రెండే ప్రతులు ఉంటే, కుక్కలో నాలుగు మొదలు ముప్పై దాకా ఉన్నాయట. అంటే ఏమన్నమాట? మనం గింజలు తినడం మొదలుపెట్టినాము, మన పక్కనున్న కుక్క కూడా గింజలు తినడం నేర్చుకున్నది. మన రాయలసీమ కుక్క రాగి సంగటి తిని చేను కాయడం వెనుక వేల ఏళ్ల చరిత్ర ఉన్నది. తిండి విషయంలో మనకూ కుక్కకూ పొత్తు అప్పటినుంచీ ఉన్నదే.

ఈ పొత్తును మన పెద్దలు రాళ్ల మీద కూడా చెక్కిపెట్టినారు. మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు మీరు చూసే ఉంటారు. పశువుల మందను దొంగలనుంచి కాపాడబోయి చచ్చినవాడి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లవి. మనుషులకే కాదు, కుక్కలకూ ఈ గౌరవం దక్కింది. కుప్పానికి ఆగ్నేయాన, తమిళనాడులోని తిరువణ్ణామలై సీమలో ఎడుత్తనూరు అనే ఊరున్నది. అక్కడ పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఒకటి ఉన్నది, ఏడో శతాబ్దం నాటిది. రాతి మీద వీరుడు, అతని పక్కన అతని కుక్క. ఆ కుక్క పేరు కోవివన్ అనీ, అది దొంగలను కరిచి కాపలా నిలిచిందనీ పక్కనే రాసిపెట్టినారు. ఇక పడమరగా, కన్నడ దేశంలో మండ్య జిల్లా ఆతకూరులో మరొక శాసనం దొరికింది. 949–950 ప్రాంతపుది. గంగరాజు బూతుగుడు తన దగ్గరి వీరుడైన మణలేరుణ్ణి మెచ్చుకొని ఏమి కావాలో కోరుకొమ్మన్నాడు. అతడు ఊళ్లు అడగలేదు, బంగారం అడగలేదు. కాళి అనే వేటకుక్కను అడిగినాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో కలబడింది. పందీ చచ్చింది, కాళీ చచ్చింది. మణలేరుడు రాయి నిలిపి, దాని పూజకు భూమి విడిచిపెట్టినాడు.

అడవిపందితో పోరాడి చచ్చిన కుక్క! ఇప్పుడు కూడా మన చేలల్లో అదే పంది, అదే కుక్క. పూజకు మాన్యం ఇవ్వకపోయినా ఫరవాలేదు. పెట్టే ముద్ద మాత్రం మంచిది పెట్టాలి గదా!

ఇక గుమ్మడి సంగతికి వద్దాము. మనకు రెండు గుమ్మళ్లున్నాయి. ఒకటి వడియాలు పెట్టే బూడిద గుమ్మడి. సంస్కృతంలో కూష్మాండమని చెప్పేది దీన్నే. ఇది ఆసియా ఖండపు కాయ, మనకు ఏనాటినుంచో తెలిసినది. రెండోది ఎర్ర గుమ్మడి. పులుసులోకి, కూరలోకి వాడే తియ్య గుమ్మడి. ఇది మన దేశపుది కాదు, అమెరికా ఖండంనుంచి వచ్చింది. కొలంబస్ 1492లో అమెరికా చేరిన తరువాత అక్కడి పంటలు ఓడలెక్కి లోకమంతా తిరిగినాయి. పోర్చుగీసు వాస్కోడగామా 1498లో కాలికట్టుకు దగ్గర దిగినాడు. ఆ వెనుక వచ్చిన ఓడల కాలంలో మిరప, చెనిక్కాయ, టమాట, ఉర్లగడ్డ, ఎర్ర గుమ్మడి అన్నీ ఒకదాని వెనుక ఒకటిగా మన దేశానికి చేరినాయి. ఈ వేళ మదనపల్లెకు దేశమంతా పేరు తెచ్చిన టమాటా, ఆ టమాట తోట గట్టు మీద పాకిన గుమ్మడితీగా ఒకే ఖండపు చుట్టాలన్నమాట.

దీనికి సాక్ష్యం కావాలంటే కుప్పం సంతకు పోండి. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషలూ వినపడతాయి. తమిళం మాట్లాడేవారు ఎర్ర గుమ్మడిని 'పరంగికాయ్' అంటారు. పరంగి అంటే ఫరంగి, తెల్లదొర. ఊరు తెలియని కాయకు తెచ్చినవాడి పేరు అంటగట్టినారు. మనవారేమో పాత గుమ్మడి పేరునే కొత్తదానికి కూడా ఇచ్చి, రంగునుబట్టి రుచినిబట్టి విడదీసినారు. బెంగుళూరు వంకాయ అని మనం కూరొండుకునే సీమ వంకాయ కూడా ఆ దిక్కునుంచే వచ్చింది, అదీ ఈ తీగకాయల కుటుంబానిదే. ఇంగ్లీషులో ఈ గుమ్మడి జాతులను కలిపి 'స్క్వాష్' అంటారు. అదికూడా ఇంగ్లీషువారి సొంత మాట కాదు. అమెరికాలోని ఒక ఆదివాసీ తెగ భాషలోనిది.

అమెరికాలో ఈ కాయను మనిషి సాగుచేయడం చాలా పాత సంగతి. మెక్సికో దేశపు ఒహాకా సీమలో ఒక గుహలో దొరికిన గుమ్మడి గింజలు సుమారు 10,000 ఏళ్ల నాటివని 1997లో తేల్చినారు. మొక్కజొన్నకంటే ముందే గుమ్మడిని మచ్చిక చేసుకున్నారు. మరి అప్పటి గుమ్మడి ఎట్లా ఉండేది? చిన్నది, గట్టిది, భరించరాని చేదు. తీగకాయల్లో ఈ చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. తీగను, కాయను పురుగుల నుంచి, చిన్న జంతువుల నుంచి కాపాడుకోవడానికి చెట్టు తయారుచేసుకునే మందు అది. మన బీళ్లలో పాకే చేదుపుచ్చలో ఉన్నది కూడా ఈ జాతి చేదే.

ఆ చేదు కాయను తిన్నవారే లేరా అంటే ఉన్నారు. ఏనుగు వంటి పెద్ద జంతువు ఒకటి అప్పుడు అమెరికాలో ఉండేది. దాని పేడలో, సుమారు 30,000 ఏళ్ల నాటిది, గుమ్మడి గింజలు దొరికినాయి. పెద్ద ఒళ్లున్న జంతువును ఆ చేదు అంతగా బాధించదు. చిన్న ఒళ్లున్నదాన్ని బాధిస్తుంది. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఈ సంగతిని వివరించింది. ఈ మాట మనం గుర్తు పెట్టుకోవాలి. ఏనుగుకు చెల్లింది పదిహేను కిలోల కుక్కకు చెల్లదు.

ఆ పెద్ద జంతువులు నశించినాయి. తీగను మనిషి చేరదీసినాడు. తియ్యగా ఉన్న కాయ గింజ దాచి విత్తినాడు, చేదు కాయ గింజ పారేసినాడు. ఇట్లా వందల తరాలు ఏరి ఏరి, నోట పెట్టి రుచి చూసి చూసి, చేదును పోగొట్టినాడు. ఈ వేళ మనం కోసే తియ్య గుమ్మడి ఎందరో పేరు తెలియని ఆడవాళ్లు, మగవాళ్లు నాలుక మీద పరీక్ష చేసి మనకు ఇచ్చినది. మన అవ్వలు దోసకాయ కోసినా, సొరకాయ కోసినా, చివర ముక్క ఒకటి నాలుకకు తగిలించి చూసేవారు. అది ఊరికే అలవాటు కాదు సుమండీ. పదివేల ఏళ్ల పరీక్షలో ఆఖరి మెట్టు అది.

అయితే పోయిన చేదు తిరిగి రాదా? వస్తుంది. చేదు తీగ పుప్పొడిని తేనెటీగ మోసుకొనివచ్చి మంచి తీగ పువ్వు మీద వేస్తే, ఆ యేటి కాయ మంచిగానే ఉంటుంది. కాని దాని గింజలో చేదు దాక్కుంటుంది. ఆ గింజ మరుసటి యేడు మొలిస్తే కాయ చేదు కావచ్చు. పుంగనూరు పక్క ఇంటివారి ఎరువుదిబ్బ సొరతీగ సంగతి ఇదే అయివుంటుంది. నీళ్లు చాలక, ఎండకు తీగ బాధపడినా చేదు పెరగవచ్చు. ఉడికించినంత మాత్రాన ఈ చేదు పోదు. ఉప్పు కారం దాన్ని కప్పిపెడతాయే గాని చంపలేవు.

ఇది కుక్కల ముచ్చట మాత్రమే కాదు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక మనిషి ప్రాణం పోయింది. దాని మీద భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదుగా ఉన్న రసం తాగవద్దు, వెంటనే పారబోయండి అని వారు దేశానికంతా చెప్పినారు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదని కూడా చెప్పినారు. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన తోటలో కాసిన గుమ్మడి జాతి కాయ కూర తిని చనిపోయినాడు. కూర చేదుగా ఉన్నా తిన్నాడు. మనిషికి ఇంత అపాయమైతే, మనిషిలో నాలుగో వంతు బరువు లేని కుక్క మాటేమిటి? మనకు చేదు తెలుస్తుంది, ఉమ్మేస్తాము. కుక్క మింగే జంతువు. పులుసు వాసన తగిలిందంటే నమలను కూడా నమలదు.

కనుక మొదటి సూత్రం, అన్నిటికంటే పెద్ద సూత్రం ఇది. గుమ్మడి గాని, సొర గాని, దోస గాని కోసినప్పుడు చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదైతే ఉమ్మేసి నోరు పుక్కిలించండి. ఆ కాయ మనిషికి వద్దు, ఆవుకు వద్దు, కుక్కకు వద్దు. గుంట తీసి పూడ్చండి. దాని గింజ విత్తనానికి దాచవద్దు.

చేదు లేని మంచి ఎర్ర గుమ్మడి మాత్రం కుక్కకు నిరభ్యంతరంగా పెట్టవచ్చు. దానివల్ల లాభమూ ఉన్నది. గుమ్మడిలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. కొంత పీచు ఉంటుంది. ఆ పీచు మలం గట్టిపడి ముక్కే కుక్కకూ మేలుచేస్తుంది, కొంచెం పలచగా పోయే కుక్కకూ మేలుచేస్తుంది. గుమ్మడికి ఎర్ర రంగునిచ్చే పదార్థాన్ని కుక్క తన ఒంట్లో ఏ విటమినుగా మార్చుకోగలదు. కంటికి, చర్మానికి అది అవసరం.

ఎట్లా పెట్టాలో చెబుతాను. ఆడవాళ్లు, పిల్లలు కూడా వినండి, చిప్ప పెట్టేది ఎక్కువగా మీరే గదా.

కాయ కడిగి, తొక్క తీసేయండి. తొక్క గట్టిది, కుక్క కడుపులో అరగదు, చిన్న కుక్కకు పేగులో అడ్డం పడవచ్చు. తొడిమ, తీగ, ఆకు పెట్టవద్దు. వాటి మీది నూగు నోటికి గుచ్చుకుంటుంది. లోపలి గింజలు, నార తీసేయండి. కండను చిన్న ముక్కలు చేసి నీళ్లలో మెత్తగా ఉడికించండి. ఉప్పు వద్దు, కారం వద్దు, బెల్లం వద్దు. ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి వద్దే వద్దు. పచ్చివైనా, వండినవైనా ఇవి కుక్క నెత్తురులోని ఎర్ర కణాలను పాడుచేస్తాయి. మనం గుమ్మడి పులుసు చేసినప్పుడు ఉల్లిపాయ వేయకుండా ఉంటామా? కనుక ఉడికిన ముక్కలు నాలుగు తాలింపుకు ముందే పక్కకు తీసిపెట్టండి. ఇంతే పని. పండుగనాడు గుమ్మడి హల్వా మిగిలిందని పెట్టవద్దు. అందులోని చక్కెర ఒక చెరుపు, ఎండు ద్రాక్ష అంతకంటే చెరుపు. ద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ఎంత పెట్టాలి? చిన్న పిల్లకు ఒక చిన్న చెంచాడు. పది కిలోల కుక్కకు రోజుకు ఒకటి రెండు పెద్ద చెంచాలు. పాతిక కిలోల పెద్ద కుక్కకు మూడు నాలుగు పెద్ద చెంచాలు. మొదటిసారి ఇంకా తక్కువతో మొదలుపెట్టి, రెండు రోజులు చూడండి. గుమ్మడి ఎప్పుడూ పక్క కూర లాంటిదే గాని ముద్ద కాదు. మొత్తం తిండిలో పదో వంతుకు మించకూడదు. కుక్క గింజలు తినడం నేర్చుకున్నదని చెప్పినాను గదా, అంతమాత్రాన దానికి మాంసకృత్తులు అక్కరలేదని కాదు. సంగటితోపాటు మజ్జిగ, ఉడికిన గుడ్డు, ఉడికించిన మాంసం వంటివి దానికి అవసరం. ఉట్టి సంగటీ గుమ్మడీ పెట్టి చేను కాయమంటే అన్యాయం. మూత్రపిండాల జబ్బు గాని, చక్కెర జబ్బు గాని ఉన్న కుక్కకైతే పశువుల డాక్టరును అడగనిదే పెట్టవద్దు.

తోటలో మందు కొట్టి ఉంటే, డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆ కాయ మనం తినము. కుక్కకూ పెట్టవద్దు. బూజు పట్టి కుళ్లిన గుమ్మడి కూడా అంతే. ఎరువుదిబ్బ మీద పారేస్తే కుక్క పోయి తింటుంది, అందుచేత మట్టి కప్పండి.

దిష్టి గుమ్మడి సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆయుధపూజనాడు లారీల ముందు, ట్రాక్టర్ల ముందు, అంగళ్ల ముందు బూడిద గుమ్మడికాయ కోసి, లోపల కుంకుమ నింపి, చిల్లర డబ్బులు వేసి, పైన కర్పూరం వెలిగించి దారిలో పగలగొడతాము. ఆచారం ఎవరి ఇష్టం వారిది, నేను కాదనను. కాని కర్పూరం కుక్కకు విషం. కొంచెం ఎక్కువ కడుపులోకి పోతే మూర్ఛలు వస్తాయి. నాణెం మింగితే పేగు అడ్డం పడుతుంది. కొందరు పసుపు నీళ్లలో సున్నం కలిపి పోస్తారు, సున్నం నోటిని కాలుస్తుంది. పగలగొట్టిన తరువాత ఆ ముక్కలు ఎత్తివేస్తే వీధికుక్కకు క్షేమం, పైగా వాటి మీద జారిపడే స్కూటరువాడికీ క్షేమం.

ఇక గింజల సంగతి. గుమ్మడి గింజ పెడితే కడుపులో పురుగులు పడిపోతాయని పెద్దలు చెబుతారు. ఈ నమ్మకం మన దేశంలోనే కాదు. అమెరికా దేశపు అధికార ఔషధ గ్రంథంలో కూడా 1863 మొదలు 1936 దాకా గుమ్మడి గింజ బద్దెపురుగు మందుగా ఉండేది. తరువాత అంతకంటే మంచి మందులు రావడంతో తీసేసినారు. కనుక ఉప్పు లేకుండా వేయించి పొడి చేసిన గింజ చిటికెడు పెడితే తప్పు లేదు. దాన్నే మందనుకొని డాక్టరు ఇచ్చే పురుగుల మాత్ర మానడం తప్పు. మన సీమలో గొర్రెలు ఎక్కువ. వేట కోసినచోట నీటితిత్తులున్న పచ్చి కాలేజం, ఊపిరితిత్తులు కుక్కకు విసిరేయడం అలవాటు. దానివల్ల కుక్క పేగుల్లో ఒక చిన్న బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మన పిల్లల చేతులకంటుకొని కడుపులోకి పోతే, వారి కాలేజంలో నీటిబుడ్డలు కడతాయి. చాలాసార్లు కోత దాకా పోయే జబ్బు అది. పచ్చి లోపలి భాగాలు విసరవద్దు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం పురుగుల మాత్ర వేయించండి. ఏడాదికోసారి పిచ్చికుక్క జబ్బు రాకుండా టీకా వేయించండి. ఈ రెండు పనులూ గుమ్మడి చేయలేదు.

పలచగా పోతున్నదని గుమ్మడి పెట్టి రోజుల తరబడి చూస్తూ కూర్చోవద్దు. చిన్న పిల్లకు వాంతులతోపాటు రక్తవిరేచనాలు అయితే అది పార్వో జబ్బు కావచ్చు. 1978 ప్రాంతంలో లోకమంతా పాకిన జబ్బు అది. గంటలు లెక్కపెట్టి ప్రాణం తీస్తుంది. ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకొనిపోండి. పోయేటప్పుడు కుక్క ఏమి తిన్నదో చెప్పండి. తిన్న కాయ ముక్క మిగిలి ఉంటే కాగితంలో చుట్టి తీసుకొనిపోయి చూపించండి. "చేదు కాయ తిన్నది" అన్న ఒక్క మాట డాక్టరుకు సగం పని తగ్గిస్తుంది.

పట్నాల్లో ఇప్పుడు కుక్క తిండి పొట్లాల్లో వస్తున్నది. ఆ వ్యాపారం కూడా పాతదే. సుమారు 1860లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికావాడు లండనులో గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మడం మొదలుపెట్టినాడు. అంతకుముందు కుక్క ఎక్కువగా తిన్నది యజమాని విస్తరిలో మిగిలిందే. పొట్లం కొనే స్తోమత మన పల్లెలో అందరికీ ఉండదు, అక్కరా లేదు. విస్తరిలో మిగిలిందే పెట్టండి. కాని మిగిలింది వేరు, పనికిరానిది వేరు. తినగా మిగిలింది పెడితే అది పొత్తు. ఉమ్మేసింది పెడితే అది మోసం.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఈ ప్రసంగం వింటూ మీలో కొందరు భుజాలు తడుముకొని ఉండవచ్చు. నేనూ తడుముకున్నాను. మా ఇంట్లో కూడా చేదు దోసకాయ కుక్క ముందుకే పోయేది. ఇప్పుడు పోవడం లేదు. పుంగనూరు పక్క పల్లెలో ఆ కుక్క ఈ మధ్య కనపడింది. చెనిక్కాయ చేను గట్టు మీద పడుకొని, నన్ను చూసి ఒకసారి మొరిగి, ఇంటావిడ గొంతు వినపడగానే తోక ఊపింది. ఆమె చేతిలో సంగటి చిప్ప, దాని మీద నాలుగు ఎర్ర గుమ్మడి ముక్కలు. "నేను తిని చూసే పెడుతున్నాను సార్" అన్నది.

అంతకంటే నేను చెప్పగలిగింది లేదు. సెలవు.